గజ్జికి స్కానింగు ఎందుకండీ?

ఈమధ్య దురదతో వచ్చేవారు పాత మందుచీటీలతోపాటు స్కానింగు రిపోర్టులు కూడా పట్టుకొస్తున్నారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకునే కుర్రవాడికి రాత్రిళ్ళు నిద్ర పట్టనంత దురద. "ఒంట్లో పురుగు చేరిందేమో, పంజగుట్ట వెళ్ళి స్కాను తీయించుకో" అని ఎవరో సలహా ఇస్తారు. కడుపు స్కానూ, రక్తపరీక్షలూ పూర్తయ్యేసరికి ఇంటి నుంచి వచ్చిన డబ్బు హరించుకుపోతుంది. రిపోర్టులో అంతా నార్మల్! దురద మాత్రం ఎక్కడిదక్కడే.

కనబడకపోవడంలో వింతేమీ లేదు. గజ్జి పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలోనే సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. కడుపును చూసే స్కాను లోతున ఉన్న కాలేయం, మూత్రపిండాల వంటివాటి కోసం ఏర్పాటైనది. దానికి ఇంత చిన్న ప్రాణి ఆనదు. 20 మెగాహెర్ట్జ్ దాటిన ప్రత్యేక పరికరాలు చర్మం పొరలను విడదీసి చూపే మాట నిజమే కాని, గజ్జికి అంత హంగామా అక్కరలేదు. వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మర్మాంగాల దగ్గర పొక్కులు. రాత్రిపూట ఎక్కువయ్యే దురద. అదే గదిలో మరొకరికీ దురద. ఈ మూడూ ఉంటే డాక్టరుకు దాదాపు తెలిసిపోతుంది. అనుమానముంటే డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూస్తారు, లేదా చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెడతారు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో ఇది రోజూ జరిగే పనే.

అసలు చిక్కు మరొకటుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కుర్రవాడు పక్కమంచం వాడికీ, పండక్కి ఊరెళ్ళి చెల్లెలికీ అంటించేస్తాడు. అందుకే దురద ఉన్నా లేకపోయినా గదిలోవారూ, ఇంట్లోవారూ ఒకేరోజు మందు వాడాలి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా రాసుకుని, ఎనిమిది నుంచి పన్నెండు గంటలుంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళతో ఉతకాలి. ఉతకలేనివాటిని కనీసం మూడురోజులు సంచిలో మూటకట్టి ఉంచండి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు డాక్టరు చెబితేనే. గర్భిణులకూ, 15 కిలోల లోపు పిల్లలకూ సాధారణంగా ఇవ్వరు. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలుండవచ్చు. కంగారుపడి షాపువాడిచ్చే స్టిరాయిడ్ క్రీము పూశారో, వ్యాధి రూపం మారిపోయి మాకూ అంతుపట్టదు. ఇంకోమాట. గజ్జి మురికివాళ్ళకే వస్తుందనుకుని నామోషీతో దాచకండి. ఒకరి ఒళ్ళు ఒకరికి తగిలితే చాలు, రోజుకు రెండుపూటలా స్నానం చేసేవారికీ వస్తుంది.

మరి పరాన్నజీవులకు స్కాను అసలు పనికిరాదా అంటే, వస్తుంది. చర్మం కింద గడ్డ తగిలినప్పుడు. పెద్దవారికి నారికురుపు గుర్తుండే ఉంటుంది. 1996 తర్వాత మనదేశంలో ఆ పీడ లేదు, 2000లో దేశాన్ని దాని నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు. ఇప్పుడు మిగిలినవి వేరు. కుక్కల నుంచి దోమల ద్వారా వచ్చే డైరోఫిలేరియా అనే పురుగు కంటి చుట్టూనో, చర్మం కిందనో గడ్డ కట్టిస్తుంది. బ్రతికున్న పురుగు స్కానులో మెలికలు తిరుగుతూ కనిపించవచ్చు. పంది మాంసపు బద్దెపురుగు గుడ్లు సరిగా కడగని కూరగాయలతో కడుపులోకి పోతే శాకాహారులకైనా కండరాల్లో, చర్మం కింద నీటితిత్తులు ఏర్పడతాయి. స్కానులో ఆ తిత్తి మధ్య చిన్న చుక్కలా పురుగు తల కనబడితే, కోత లేకుండానే జబ్బు తేలిపోతుంది.

అయితే ఆ రిపోర్టు పట్టుకుని మీ అంతట మీరు పురుగుల మాత్ర మింగకండి. అటువంటి తిత్తులే మెదడులోనూ, కంటిలోనూ ఉంటే, మందు పడగానే అక్కడ వాపు వచ్చి ఫిట్సు రావచ్చు, చూపు పోవచ్చు. ముందు తల స్కాను, కంటి పరీక్ష అవ్వాలి. డబ్బు ఖర్చుపెట్టవలసిన చోటు అదీ.