కారులోని నీలిబండ – కడప యెండ

ఈ నెల మేము వ్రాయబూనిన విషయము వినినంతనే వంటింటికి బహుదూరమైనదిగా తోచును. కారులో బిగించు నైట్రస్ బండను వెచ్చచేయు హీటరు, దానిని అదుపులో నుంచు ప్రెషరు స్విచ్చి – ఇవి మాకెందుకని కొందఱు నవ్వవచ్చును. కాని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఇంజనీరింగు చదువు కొడుకో, మఱదియో, అక్కకొడుకో లేని యిల్లు నేడు అరుదు. పులివెందులలోనే 2006వ సంవత్సరమునుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. అట్టి యింట ఒకనాడు కుఱ్ఱవాడు, "అమ్మా, కారుకు నైట్రస్ పెట్టిస్తా, దుడ్లియ్యి" అని అడిగినచో, ఆ తల్లి కాదనుటకైనను ఔననుటకైనను విషయము తెలిసియుండవలెను గదా. తెలియక కాదన్నచో వాడు చాటుగా చేయును. తెలియక ఔనన్నచో ఇంటిలోనికి ఆపద వచ్చును. కావుననే ఈ వ్యాసము.

నైట్రస్ ఆక్సైడు క్రొత్త వస్తువు కాదు. 1772లో ప్రీస్ట్లీ యను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనిని మొదట తయారుచేసెను. 1799లో హంఫ్రీ డేవీ దీనిని తానే పీల్చి, నవ్వు పుట్టించు దాని గుణమును పరిశీలించెను. అమెరికాలో హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు 1844లో దీనిని పీల్చి తన పంటినే నొప్పి తెలియకుండ తీయించుకొనెను. కాలక్రమమున ఇది ఆసుపత్రులలో మత్తునకు వాడుకలోనికి వచ్చెను. మన దేశపు ఆసుపత్రులలో దీని సిలిండరునకు నీలిరంగు వేయుదురు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు దీనిని విమానముల ఇంజనులకు బలమిచ్చుటకు వాడిరి. పందెపు కార్లవారు తరువాత దానినే చేపట్టిరి.

ఇంజనునకు దీనివలన బలమెట్లు వచ్చును? పొయ్యిలో కట్టెలెన్ని పెట్టినను గాలి చాలనిచో మంట రాజుకొనదని మనకు తెలియును. ఇంజనులోను అంతే. గాలిలో బరువుచొప్పున నూటికి 23 పాళ్ళు మాత్రమే ఆమ్లజని యుండగా, నైట్రస్ ఆక్సైడులో నూటికి 36 పాళ్ళున్నది. ఇంజనులోని వేడికి ఈ వాయువు విడిపోయి ఆమ్లజనిని వదలును. దానికి తగినంత పెట్రోలును అదనముగ నిచ్చినచో మంట హెచ్చును, బలము హెచ్చును. కాని ఈ వాయువు మితి తప్పి వచ్చెనా, పెట్రోలు చాలక మంట మిక్కిలి తీవ్రమై పిస్టనులు కాలి చెడును. మితికి తగ్గి వచ్చెనా, పెట్రోలు మిగిలి ఇంజను పొగలు గ్రక్కుచు మందగించును. ఈ మితి యంతయు బండలోని ఒత్తిడిపై ఆధారపడియున్నది. ఒత్తిడియో, బండ వేడిమిపై ఆధారపడియున్నది. అసలు కిటుకు ఇక్కడనే కలదు.

మన వంటింటి గ్యాసు బండలోవలెనే నైట్రస్ బండలో అడుగున ద్రవము, పైన ఆవిరి యుండును. బండ వేడెక్కినకొలది ఒత్తిడి పెరుగును, చల్లబడినకొలది తగ్గును. బండ వేడిమి 20 డిగ్రీలుండగా గేజి చదరపు అంగుళమునకు దాదాపు 720 పౌనులు చూపును. 25 డిగ్రీలకు 800 పైచిలుకు, 30 డిగ్రీలకు 900 చూపును. కారు చక్రములో నుండునది 30, 35 పౌనులే. మన కుక్కరులో సుమారు 15 పౌనులే. దీనినిబట్టి ఆ నీలిబండ ఎంతటి బలమును అణచి పట్టియున్నదో ఊహింపవచ్చును.

చలిదేశములలో బండ చల్లబడి ఒత్తిడి పడిపోవును. అందుచేత అచ్చటివారు బండచుట్టు విద్యుత్తుతో వేడెక్కు పట్టా యొకటి చుట్టుదురు. అదియే హీటరు. ఒత్తిడి 900, 950 పౌనుల వఱకు చేరగనే ఆ పట్టాకు విద్యుత్తును ఆపుటకు, మరల తగ్గినపుడు ఇచ్చుటకు ఒక ప్రెషరు స్విచ్చిని అమర్తురు. ఇది మనకు క్రొత్త కాదు. కుక్కరు మూతమీది వెయిటు చేయు పనియు ఇట్టిదే. లోని ఒత్తిడి తగినంత కాగానే అది లేచి, ఈలవేసి, హెచ్చు ఆవిరిని విడుచును. భేదమేమనగా, కుక్కరు వెయిటు ఆవిరినే బయటకు పంపును; ఈ స్విచ్చి వేడిచేయుట మానుటయే గాని, లోపలి ఒత్తిడిని ఇసుమంతయు తగ్గింపలేదు. ఈ యొక్క మాటను మఱువరాదు.

స్విచ్చిని సరిచేయు విధము తెలిసినవారు ఇట్లు చేయుదురు. ముందుగా బండను తూకమువేసి, అందు వాయువు నిర్ణీతమైన బరువునకు మించలేదని చూచుకొందురు. గేజినిబట్టి నింపుట తప్పు, తూకమునుబట్టియే నింపవలెను. పైన ఆవిరికి చోటు మిగులనిచో కొద్దిపాటి వేడికే ఒత్తిడి అమాంతముగ పెరుగును. తరువాత కారును మూసిన షెడ్డులో గాక, గాలి ఆడు నీడలో నిలిపి, బండ మూతమీటను తెఱతురు. హీటరు వేసి గేజినే చూచుచు, ఏ అంకెయొద్ద స్విచ్చి తెగి విద్యుత్తు ఆగినదో వ్రాసికొందురు. ఆపైన స్విచ్చి నడుమ నుండు చిన్న మరమేకును ఒక చుట్టులో ఎనిమిదవవంతు మాత్రము త్రిప్పి, ఒత్తిడి దిగు వఱకు ఆగి, మరల పరీక్షింతురు. ఏ వైపు త్రిప్పిన హెచ్చునో, ఏ వైపు తగ్గునో చేసినవారి పుస్తకమునే చూడవలెను, ఊహ పనికిరాదు. విద్యుత్తు ఆగినను పట్టాలోని వేడి కొంతసేపు లోనికి దిగుచుండుటచే గేజి మఱికొంచెము పైకి పోవును. దించిన తరువాతను పాలు కొంచెముసేపు పొంగుచుండుట మన మెఱుగనిదా? కావున కోరిన అంకెకు కొంచెము క్రిందనే స్విచ్చిని నిలుపవలెను. మూడుమారులు వరుసగా ఒకే అంకెయొద్ద తెగినపుడే అది నమ్మదగినది. గేజినికూడ గ్రుడ్డిగ నమ్మరాదు. నీడలో చాలసేపున్న బండప్రక్కన ఒక థర్మామీటరు నుంచి, పైన మేము చెప్పిన అంకెలతో సరిపోల్చినచో అబద్ధమాడు గేజి ఇట్టే పట్టుపడును.

ఇందులో ఒక గొప్ప ప్రమాదము దాగియున్నది. కొన్ని కార్లలో ప్రెషరు స్విచ్చిని బండకు గాక, బండనుండి ఇంజనునకు పోవు గొట్టమునకు బిగింతురు. మూతమీట మూసియుండగా హీటరు వేసినచో, గొట్టములో ఒత్తిడి లేకపోవుటచే స్విచ్చి ఎన్నటికిని తెగదు. బండయో, కాగుచునే యుండును. ఆవిరి దారిలో బియ్యపుగింజ అడ్డుపడగా ఈల వేయని కుక్కరువంటిది ఆ స్థితి. కుక్కరునకు కరగిపోవు రక్షణబిళ్ళ యున్నట్లే ఈ బండ మూతయందును పగిలిపోవు పలుచని బిళ్ళ యొకటి యుండును. అది పగిలినపుడు బండలోని వాయువంతయు ఒక్క పెట్టున వెలువడును. అందుచేతనే ఆ దారిని గొట్టముద్వారా కారు బయటికి మళ్ళింపవలెను. కారు లోపలనే అది వెలువడినచో అందున్నవారికి ఊపిరాడదు. హీటరు వేసి ఆవలికి పోవుట, బ్లోలాంపుతోనో మంటతోనో బండను కాచుట, దాని మరలకు నూనె, గ్రీజు పూయుట – ఇవి ప్రాణాపాయకరములు. ఈ వాయువు తాను మండదు గాని మండు వస్తువులను ప్రజ్వలింపజేయును.

ఇక మన సీమ సంగతి. నైట్రస్ ఆక్సైడు 36.4 డిగ్రీల వఱకే ద్రవముగ నిలుచును. అది దాటినచో లోపల ద్రవమనునది మిగులదు. అప్పటి ఒత్తిడి నింపిన బరువునుబట్టి యింకను పైకి పోవుచుండును. చైత్ర వైశాఖములలో కడప జిల్లాలో నీడయందే 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. నాపరాళ్ళు పఱచిన వాకిట మధ్యాహ్నము చెప్పులు లేక అడుగిడలేము. ఎండలో నిలిపిన కారు లోపల గంటసేపటిలోనే బయటికంటె 20 డిగ్రీలు హెచ్చు వేడి చేరును. అనగా, పందెగాండ్రు కోరు 950 పౌనుల ఒత్తిడికి 32, 33 డిగ్రీలే చాలునుగదా, ఆ వేడిని ప్రొద్దుటూరు ఎండ హీటరు లేకయే ఉదయపు పూటనే ఇచ్చివేయును. పుష్యమాసపు తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగినపుడు తప్ప ఆ హీటరునకు ఇచ్చట పనియే లేదు. వేసవిలో స్విచ్చి మరమేకు నెంత జాగ్రత్తగ సరిచేసినను ఫలము లేదు. ఏలయన స్విచ్చి హీటరు నాపగలదు గాని సూర్యుని ఆపలేదు. జమ్మలమడుగు బాటలో మిట్టమధ్యాహ్నము డిక్కీలో నిండుబండతో నిలిపిన కారునకు కావలసినది హీటరు కాదు; నీడ, గాలి, బండపై తడిగుడ్డ. అంతకంటె మేలు, బండను విప్పి చల్లని, గాలి ఆడు చోట నిలిపియుంచుట. చలిదేశపు పుస్తకములోని పద్ధతిని చదివి మన యెండలో అట్లే ఆచరించుట తెలివి కాదు.

మన గ్యాసు బండకును ఇదే న్యాయము. 14.2 కిలోల బండను నిలువుగా, నీడలో, గాలి తగులు చోట నుంచవలెను. గ్యాసు సన్నగిల్లినదని వేడినీళ్ళు పోయుట, పడుకోబెట్టుట, రెగ్యులేటరును విప్పి బాగుచేయబూనుట తగని పనులు. బండను ఆవరణలోని ఎండలో దించిపోయినచో వెంటనే లోనికి చేర్పించుడు.

మఱి రెండు మాటలు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, చేసినవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో నమోదైన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. కావున అట్టి కారును బజారున నడుపుట చట్టవిరుద్ధమగును. ప్రమాదము జరిగినపుడు ఇన్సూరెన్సువారు సొమ్మియ్య నిరాకరింపవచ్చును. ఇది పందెపు మైదానములలో, తెలిసినవారి యెదుట చేయదగిన పనియే గాని వీధిలో చేయదగినది కాదు. రెండవది, కుఱ్ఱవాడు ఈ వాయువును వేడుకకై పీల్చుచున్నాడేమో కనిపెట్టుడు. ఇది శరీరములోని బి12 విటమినును నిరర్థకము గావించి నరములను చెఱచును. కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి నడక తడబడును. శాకాహారుల యిండ్లలో ఆ విటమిను ముందే కొఱతగా నుండవచ్చును గనుక ముప్పు ఇంకను హెచ్చు.

కావున సోదరీ, దుడ్లడిగిన కుమారుని కసరవలదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు ప్రశ్నలడుగుము: "స్విచ్చి బండకు బిగించినావా, గొట్టానికా? ఏ అంకెకాడ తెగుతుంది, ఎన్నిసార్లు చూసినావు? బిళ్ళ పగిలితే గాలి యాడికి పోతుంది? మే నెలలో మధ్యాహ్నం బండ యాడ పెడతావు?" ఇవి కుక్కరు, గ్యాసు బండ వాడు ప్రతి యిల్లాలును అడుగగల ప్రశ్నలే. వీనికి తడుముకొనక బదులు చెప్పగల కుఱ్ఱవాడు, తన కారు పందెపు మైదానమునకే గాని ఊరి బాటకు తగదని తానే ఒప్పుకొనును. బదులు చెప్పలేనివానికి ఇప్పుడు కావలసినది దుడ్లు కాదు, మఱికొంత చదువు. ఆ మాట తల్లి నోట వినుట, పోలీసు నోటనో వైద్యుని నోటనో వినుటకంటె వానికి మేలు గదా.