మౌసు చావలేదు... సెల్లే చచ్చింది!

కదిరి ప్రాంతంలో ఓ పల్లె. వేరుశనగ కాయలు అమ్మగా వచ్చిన డబ్బులో కొంత తీసి ఓ రైతు తన కొడుక్కి తీగలేని మౌసు కొనిపెట్టాడు. డిగ్రీ పూర్తిచేసిన ఆ కుర్రాడు పగలు ఇంట్లోనే కూర్చుని పెళ్లి ఆల్బాలు తయారు చేస్తాడు. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్‌లో ఆటలు. రెండిటికీ పనికొస్తుందని ఆటల కోసమే తయారయ్యే గేమింగ్ మౌసు తెప్పించుకున్నాడు.

నలభై రోజులు బాగానే నడిచింది. ఆ తరువాత తెరమీది బాణం గుర్తు తడబడసాగింది. ఒక్కోసారి ఉన్నచోటే నిలిచిపోయేది. డబ్బాలో వచ్చిన సెల్ అయిపోయి ఉంటుందని, ఊళ్లో అంగడికి వెళ్లి గోడ గడియారంలో వేసే సెల్ తెచ్చి వేశాడు. అది రెండు వారాలు వచ్చింది. ఇంకొకటి వేస్తే అదీ అంతే. సరిగ్గా ముహూర్తాల రోజుల్లో ఓ ఆల్బం పని సగంలో ఆగిపోయింది. పెళ్లివారు రెండుమూడుసార్లు అడిగి చూసి, పని వేరేచోట ఇచ్చుకున్నారు.

"కాయలమ్మిన దుడ్లు పోసి తెస్తే మూడు నెల్లన్నా రాకపాయె గదరా!" అని తండ్రి బాధపడ్డాడు.

"మౌసే పోయింది నాయనా" అన్నాడు కొడుకు. పారేసే ముందు ఎందుకైనా మంచిదని కదిరిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాడు. ఆయన మౌసును విప్పనే లేదు. మూత తీసి, లోపలి సెల్ చూసి నవ్వాడు. వేరే సెల్ వేసి ఇచ్చాడు. మౌసు మునుపటిలాగే పరుగెత్తింది.

"గడియారం సెల్లుతో ఈ పని నడుస్తాదా తమ్ముడూ?" అన్నాడట.

సైజు ఒకటే, సత్తువ వేరు

గోడ గడియారానికి కావలసిన విద్యుత్తు బహు తక్కువ. చవక కార్బన్ సెల్ వేసినా ఏడాదిపాటు నెట్టుకొస్తుంది. గేమింగ్ మౌసు సంగతి అలా కాదు. అడుగున ఉండే చిన్న కన్ను కింది బల్లను ఎడతెగకుండా ఫొటోలు తీస్తూ ఉంటుంది. తాను ఎటు జరిగిందీ సెకనుకు 1000 సార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. అంత పనికి ఆల్కలైన్ సెల్ ఉండాలి. ఆ మాట సెల్ మీదనే రాసి ఉంటుంది. కొనేటప్పుడు చదివి చూసుకుంటే సరి. ధర ఎక్కువే గాని, రోజులు లెక్క వేసుకుంటే చవక సెల్లే ఖరీదు పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. లాజిటెక్ కంపెనీ 2018లో విడుదల చేసిన జి305 మౌసు మన దేశంలో జి304 పేరుతో దొరుకుతుంది. ఒక్క సెల్‌తో నడుస్తుంది. పూర్తి వేగంతో 250 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. రోజుకు నాలుగు గంటలు వాడితే రెండు నెలలు. అదే మౌసును పొదుపు పద్ధతిలో పెట్టి, సెకనుకు పంపే కబుర్లను 125కు తగ్గిస్తే తొమ్మిది నెలల దాకా రావచ్చునట. కంపెనీ లెక్క కంపెనీదే, ఇంటి లెక్క ఇంటిదే. అయినా తేడా ఎంతో చూడండి. ఆటలో క్షణం ఆలస్యమైతే ఓడిపోతారు గనుక అక్కడ 1000 కావాలి. ఆల్బంలో ఫొటోలు జరపడానికి 125 చాలు.

సెల్ మార్చే పని లేకుండా ఛార్జింగ్ పెట్టుకునే మౌసులూ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి రంగురంగుల దీపాలుంటాయి. చూడటానికి పెళ్లి పందిరిలా ఉంటుంది గాని, ఆ సోకుకూ ఖర్చుంది. అదే కంపెనీ జి502 లైట్‌స్పీడ్ మౌసు దీపాలు వెలిగిస్తే 48 గంటలు, ఆర్పేస్తే 60 గంటలు వస్తుందని చెబుతారు. ఎలాగూ అరచేతి కింద మూసుకుపోయే దీపానికి 12 గంటలు పోగొట్టుకోవడం ఎందుకో కుర్రకారే చెప్పాలి.

మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే విడి సెల్లు కూడా వేయవచ్చు. అయితే మామూలు సెల్ 1.5 వోల్టులైతే అవి 1.2 వోల్టులు. అందుచేత తెరమీద కనిపించే బ్యాటరీ శాతాన్ని నమ్మరాదు. ఇంకా ఉందనుకుంటూ ఉండగానే ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలాంటివారు ఛార్జి చేసిన మరో సెల్ పక్కన ఉంచుకోవాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి

కబుర్ల వేగం తగ్గించాలన్నా, దీపాలు ఆర్పాలన్నా కంపెనీవారి ప్రోగ్రాం కంప్యూటర్‌లో ఎక్కించుకోవాలి. లాజిటెక్ వారిది జి హబ్, రేజర్ వారిది సినాప్స్. ఇది డబ్బాలో రాదు, ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. సెల్‌ఫోన్ డేటాతో దించుకునేవారు ఆ రోజు మిగిలిన డేటా ఎంతో చూసుకోవడం మంచిది.

జాగ్రత్త పడవలసింది ఇక్కడే. మౌసు పేరు కొట్టి వెదికితే ఊరూ పేరూ లేని సైట్లు కూడా వచ్చిపడతాయి. వాటిలో దించుకున్నది మౌసు ప్రోగ్రామే అయి ఉండాలని లేదు. కంపెనీ సొంత సైటు తప్ప మరొకటి ముట్టుకోరాదు. మౌసుకు బ్యాంకు ఖాతాతో పని లేదు. ప్రోగ్రాం పెట్టుకునేటప్పుడు ఎవరైనా కార్డు నంబరో, ఓటీపీయో అడిగితే అక్కడితో ఆపేయాలి.

ప్రోగ్రాం ఎక్కించాక మౌసు అడుగున ఉన్న స్విచ్ వేసి, దానితో వచ్చిన చిన్న రిసీవర్‌ను కంప్యూటర్‌కు గుచ్చాలి. తెరమీద మౌసు బొమ్మ కనిపిస్తుంది. దానిమీద నొక్కితే బాణం పరుగు, కబుర్ల వేగం, ఒక్కో బొత్తానికి ఒక్కో పని విడివిడిగా మార్చుకోవచ్చు. మన కుర్రాడు పక్క బొత్తాల్లో ఒకదానికి చేసిన పని వెనక్కి తీసుకునే ఆజ్ఞ పెట్టుకున్నాడు. ఆల్బం పనిలో అది రోజుకు వందసార్లు అక్కరకొస్తుంది.

చాలామందికి తెలియని సౌకర్యం మరొకటి ఉంది. జి304 వంటి మౌసుల్లో ఈ మార్పులను మౌసులోనే దాచుకోవచ్చు. అందుకోసం ప్రోగ్రాంలో ఆన్‌బోర్డ్ మెమరీ అనేచోట ఆన్ చేయాలి. ఆ తరువాత మౌసును ఏ కంప్యూటర్‌కు తగిలించినా అలాగే పనిచేస్తుంది, ప్రోగ్రాం అవసరం లేదు. ఇంట్లో ఇంటర్నెట్ సరిగా రానివారు స్నేహితుడి కంప్యూటర్‌లో ఒకసారి ఈ పని ముగించుకుని రావచ్చు.

సెల్ కొత్తదే అయినా బాణం తడబడుతుంటే రిసీవర్ ఎక్కడుందో చూడాలి. కంప్యూటర్ పెట్టె వెనుక, హార్డ్ డిస్క్ తగిలించిన నీలిరంగు యు.ఎస్.బి. పక్కన పెడితే రేడియో సంకేతాలకు అడ్డు తగులుతుంది. ముందు వైపుకు మార్చి, మౌసుకు జానెడు దూరంలో ఉంచితే చాలావరకు కుదురుకుంటుంది. పని ముగిశాక అడుగు స్విచ్ ఆపేయాలి. నెలల తరబడి వాడనప్పుడు సెల్ తీసేయాలి. లేకపోతే అది కారి లోపలి రేకులు తినేస్తుంది.

చేజారిన ఆ పెళ్లి ఆల్బం మళ్లీ రాలేదు. కుర్రాడు పగలు 125, రాత్రి ఆటప్పుడు 1000 పెట్టుకుంటున్నాడు. మౌసుకు చాలవని తీసేసిన రెండు సెల్లలో ఒకదాన్ని తండ్రి పారేయనివ్వలేదు. నడవలోని గోడ గడియారం దానితోనే తిరుగుతోంది.