నక్షత్రం మెడలో హారం ఎలా వచ్చింది?

సూర్యుడి లాంటి నక్షత్రం చివరి దశలో బాగా ఉబ్బిపోయి, పై పొరల్లోని వాయువును అంతరిక్షంలోకి వదిలేస్తుంది. ఆ వాయువు వెలుగుతూ కనిపిస్తే అదే గ్రహ నీహారిక. నక్షత్రం గుండ్రంగా ఉంటుంది కదా, మేఘమూ బంతిలాగే ఉండాలి. కానీ చాలావాటికి రెక్కలు, వలయాలు ఉంటాయి. ఎందుకు?

చాలాసార్లు అది పక్కనున్న జంట నక్షత్రం పనే. పెద్దది ఉబ్బుతూ ఉబ్బుతూ చిన్నదాన్ని తనలో కలిపేసుకుంటుంది. లోపల చిక్కుకున్న చిన్నది మజ్జిగలో కవ్వంలా వాయువును చిలుకుతూ కేంద్రం వైపు జారుతుంది. దాని కక్ష్యలోని శక్తి వాయువుకు అందుతుంది. దాంతో వాయువు ఎక్కువగా అది తిరిగే తలంలోనే బయటికి ఎగిరి, నడుము చుట్టూ దట్టమైన వలయం కడుతుంది. తర్వాత నక్షత్రం నుంచి వీచే వేగమైన గాలికి ఆ వైపు దారి దొరకదు. పైకీ కిందికీ దూసుకుపోతుంది. రెక్కలు వచ్చేది అలాగే!

2005లో కనిపెట్టిన నెక్లెస్ నీహారిక దీనికి గట్టి సాక్ష్యం. అది సుమారు 15,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వలయం పొడవునా మెరిసేవి దట్టమైన వాయువు ముద్దలు. మధ్యలో రెండు నక్షత్రాలు ఒక రోజు కంటే కాస్త ఎక్కువ సమయంలోనే ఒకదాన్నొకటి చుట్టేస్తున్నాయి. హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటో తప్పక చూడండి. అందులో ఆ రెండూ ఒకే చుక్కగా కనిపిస్తాయి.