ఆస్పిరిన్ తయారైంది – కాని అది స్వచ్ఛమైనదేనా?

మీ అక్కయ్యో, పక్కింటి అన్నయ్యో బి.యస్సీ.లో రసాయనశాస్త్రం చదువుతున్నారా? అయితే వాళ్ళ ప్రాక్టికల్ రికార్డు ఒకసారి అడిగి చూడండి. పై తరగతుల రికార్డులో ‘ఆస్పిరిన్ తయారీ’ అనే ప్రయోగం కనిపించవచ్చు. అవును, తలనొప్పికీ జ్వరానికీ పేరు పొందిన ఆ ఆస్పిరినే!

హైస్కూలు ప్రయోగశాలలో మనం లిట్మస్ కాగితం ముంచి, “ఇది ఆమ్లమా, క్షారమా?” అని తెలుసుకుంటాం. డిగ్రీ పై తరగతులలో ప్రశ్నలు మారుతాయి. “నేను తయారు చేసింది నేననుకున్న పదార్థమేనా? ఎంత వచ్చింది? ఎంత స్వచ్ఛంగా ఉంది?” ఈ మూడు ప్రశ్నలకూ విద్యార్థి తానే జవాబు వెతుక్కోవాలి.

ముందుగా ఈ మందు కథ కొంచెం తెలుసుకుందాం. విల్లో అనే చెట్టు బెరడు నొప్పులను తగ్గిస్తుందని పూర్వకాలం నుంచీ తెలుసు. దానికి సంబంధించిన సాలిసిలిక్ ఆమ్లాన్ని 19వ శతాబ్దంలో కీళ్ళనొప్పులకు వాడేవారు. నొప్పి తగ్గేది కాని కడుపులో మంట పుట్టేది! 1853లో గెర్‌హార్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ఆమ్లంలో మార్పు చేసి ఆస్పిరిన్‌ను తయారు చేశాడు. అయితే అది స్వచ్ఛంగా లేదు. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో పనిచేస్తున్న ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని మందుగా వాడదగినంత స్వచ్ఛంగా తయారు చేశాడు.

ఇక ప్రయోగశాలలోకి వెళదాం. విద్యార్థి 2 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లాన్ని గాజుకుప్పెలో తీసుకుంటాడు. దానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే ద్రవాన్నీ, చర్య వేగంగా జరగడానికి కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరికామ్లాన్నీ కలుపుతాడు. కుప్పెను వేడినీటిలో కొంతసేపు ఉంచి, తరువాత చల్లార్చి, చల్లని నీరు పోస్తాడు. తెల్లని స్ఫటికాలు అడుగున చేరుతాయి. వాటిని వడపోస్తే ఆస్పిరిన్ చేతికి వచ్చినట్లే!

కాని తెల్లగా ఉన్నదల్లా ఆస్పిరిన్ అవుతుందా? మొదట తీసుకున్న సాలిసిలిక్ ఆమ్లమూ తెల్లని పొడే. రెండింటినీ కంటితో చూసి పోల్చుకోలేం. అందుకే పరీక్షలు చేయాలి.

మొదటిది రంగు పరీక్ష. కొంచెం పొడిని ఆల్కహాలులో కరిగించి, ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వేస్తారు. సాలిసిలిక్ ఆమ్లం మిగిలి ఉంటే ఊదారంగు వస్తుంది. స్వచ్ఛమైన ఆస్పిరిన్ ఆ రంగు ఇవ్వదు.

రెండవది ద్రవీభవన స్థానం. సన్నని గాజునాళికలో పొడి నింపి నెమ్మదిగా వేడి చేస్తారు. స్వచ్ఛమైన ఆస్పిరిన్ సుమారు 135 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. మలినాలు ఉంటే అంతకన్నా ముందే మెత్తబడి, కొన్ని డిగ్రీల మేర సాగుతూ కరుగుతుంది.

మలినం ఉన్నట్లు తేలితే ఏం చేయాలి? పొడిని కొద్దిపాటి వేడి ద్రావణిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చాలి. ఒకే కొలత ఇటుకలతో గోడ కట్టేటప్పుడు వంకర రాళ్ళు ఇమడవు కదా! అలాగే స్ఫటికం పెరిగేటప్పుడు వేరే పదార్థపు అణువులు అందులో సులభంగా ఇమడక, ద్రావణంలోనే ఉండిపోతాయి. దీన్నే పునఃస్ఫటికీకరణం అంటారు. పెద్దల సాయంతో మీరూ దీన్ని పటికతో చేసి చూడవచ్చు. మట్టి అంటిన పటికను కొద్దిపాటి వేడినీటిలో కరిగించి, వడపోసి, ఒక రాత్రి కదల్చకుండా ఉంచండి. తెల్లవారేసరికి మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి.

చివరి ప్రశ్న: ఎంత వచ్చింది? లెక్క ప్రకారం 138 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం నుంచి 180 గ్రాముల ఆస్పిరిన్ రావాలి. అంటే 2 గ్రాములకు 2.6 గ్రాములు. ఒక విద్యార్థికి 1.9 గ్రాములే వచ్చిందనుకుందాం. దిగుబడి 73 శాతం. మరొకరికి 2.9 గ్రాములు వచ్చింది! మొదటివాడు చిన్నబోతాడు, రెండవవాడు పొంగిపోతాడు. కాని పొరపాటు ఎవరిది? లెక్కను మించి పదార్థం పుట్టదు. రెండవవాడి పొడి ఇంకా తడిగా ఉంది, లేదా అందులో మరేదో కలిసి ఉంది. మొదటివాడిది కొంత నీటిలో కరిగిపోయింది, కొంత వడపోత కాగితానికి అంటుకుంది. అతడు నిజాయితీగా 1.9 అనే వ్రాయాలి. దాన్ని 2.4గా దిద్దితే మార్కులు రావచ్చునేమో కాని, తప్పెక్కడ జరిగిందో ఎన్నటికీ తెలియదు. రేపు అతడు మందుల కర్మాగారంలో పనిచేస్తే, దిద్దిన అంకె రోగి కడుపులోకి పోతుంది!

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగం ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, కళ్ళద్దాలతో ప్రయోగశాలలోనే చేయాలి. అక్కడ తయారైన పొడిని ఎవరూ నోట వేసుకోకూడదు. కొన్న ఆస్పిరిన్ మాత్రనైనా డాక్టరు చెప్పనిదే పిల్లలు వేసుకోరాదు.

చాలాకాలం నిలువ ఉన్న ఆస్పిరిన్ సీసా మూత తీస్తే ఒక్కొక్కసారి వినెగార్ వాసన వస్తుంది. గాలిలోని తేమ తగిలి, మాత్ర మళ్ళీ సాలిసిలిక్ ఆమ్లంగానూ, ఎసిటిక్ ఆమ్లంగానూ విడిపోతున్నదన్నమాట. దానిపై ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఏ రంగు వస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు!