టీవీ పెట్టె ఖరీదు ఎక్కడికి పోతుంది

టీవీ పక్కన మరో పెట్టె పెట్టుకోవడం ఓటీటీలతో మొదలైన అలవాటు కాదు. హైదరాబాద్‌లో నాచారం దాటి మల్లాపూర్ మీదుగా వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ 1975లో ఒక విచిత్రమైన సరుకు తయారు చేసింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ పాఠాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగానికి కావలసిన రిసీవర్లు అవి. ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్ దగ్గర పంపే సంకేతం మామూలు టీవీకి అర్థం కాదు. అందుకని మూడు మీటర్ల ఇనుప జాలీ డిష్షుతో పాటు, ఆ సంకేతాన్ని టీవీ భాషలోకి మార్చే పరికరం ఒకటి అవసరమైంది. ఈనాటి స్ట్రీమింగ్ పెట్టె చేసే పని కూడా మూలంలో అదే మార్పిడి.

ఇప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా రెండు వర్గాల సరుకు కనిపిస్తుంది. 2020లో షావోమీ తన మీ బాక్స్ 4కెను రూ. 3,499కి విడుదల చేసింది. 2022 నాటి ఆపిల్ టీవీ 4కె మన దేశంలో రూ. 14,900 దగ్గర మొదలైంది. నాలుగింతలకు పైగా తేడా! కొనేవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ‘బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుందా?’ నా ఉద్దేశంలో అది అడగవలసిన ప్రశ్న కాదు. ఖరీదైన పెట్టెలో మనం డబ్బు పోసి కొనేది స్పష్టతను కాదు. ఒకటి, ఫ్రేములు వేళకు తెరమీదికి రావడం. రెండు, చట్టబద్ధమైన తాళంచెవి. మూడు, కొన్నేళ్లపాటు అందే మరమ్మతు.

స్పష్టత సంగతి కంటి డాక్టరు బోర్డుతో తేలిపోతుంది. సాధారణ చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడలేదు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1,920 చుక్కలుంటాయి కనుక ఒక్కొక్క చుక్క అర మిల్లీమీటరు. లెక్కవేస్తే 1.7 మీటర్లు, అంటే అయిదున్నర అడుగులు దాటి కూర్చున్నవారి కంటికి ఆ చుక్కలు కలిసిపోతాయి. అంతకు నాలుగింతల చుక్కలున్న 4కె అక్కడ కొత్తగా చూపించగలిగేది ఏమీ లేదు. 55 అంగుళాల టీవీకి ఈ గీత ఏడడుగుల దగ్గర, 65 అంగుళాలకు ఎనిమిదిన్నర దగ్గర పడుతుంది. హెచ్‌ఎంటీ నగర్‌లోనో చిలుకానగర్‌లోనో రెండు పడగ్గదుల ఇంటి హాల్లో సోఫాకూ టీవీ గోడకూ మధ్య తొమ్మిది, పది అడుగులుంటే, 4కె అనే అక్షరాల కోసం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ కంటికి చేరదు. ఒక్క మినహాయింపు చెప్పాలి. 4కె ప్రసారంతో పాటు తరచుగా హెచ్‌డీఆర్ కూడా వస్తుంది. 256 మెట్ల వెలుగుకు బదులు 1,024 మెట్లు ఉండడం వల్ల సాయంత్రపు ఆకాశం చారలుగా విడిపోకుండా నునుపుగా కనిపిస్తుంది. ఆ తేడా దూరం నుంచీ తెలుస్తుంది, టీవీ తెరకు తగినంత వెలుగు ఉంటేనే సుమా. లేని వెలుగును ఏ పెట్టే తేలేదు.

ఇక మార్పిడి. సెకనుకు 24 ఫ్రేముల 4కె సినిమాను కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు కావాలి. ఇంటికి చేరేది 15 మెగాబిట్లు మాత్రమే, అంటే రెండు వందల వంతుల్లో ఒక వంతు. మిగిలినదాన్ని పెట్టెలోని చిప్ ఊహించి, పూరించి, తిరిగి అల్లుతుంది. ఈ కుదింపు పద్ధతులకు తరాలున్నాయి. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో ఏవీ1 వచ్చాయి. ఏ తరానికి ఆ తరం చిప్‌లో ప్రత్యేకమైన సర్క్యూట్‌గా చెక్కి ఉండాలి. లేకపోతే ఆ భారం మామూలు ప్రాసెసర్ మీద పడి పెట్టె వేడెక్కుతుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. వింత ఏమిటంటే, ఆ రూ. 14,900 ఆపిల్ టీవీలోని ఏ15 చిప్‌లో ఏవీ1 సర్క్యూట్ లేదు. అందులో సగం ధర కూడా లేని 2021 నాటి ఫైర్ టీవీ స్టిక్ 4కె మ్యాక్స్‌లో ఉంది. ధరను బట్టి సామర్థ్యాన్ని అంచనా వేస్తే ఇక్కడ బోర్లా పడతాం.

ఖరీదుకు న్యాయం జరిగేది కాలం దగ్గర. మన దేశంలో టీవీ ప్రసారం సెకనుకు 50 సార్ల లయతో నడుస్తుంది. చాలా పెట్టెలు మాత్రం అమెరికా లయ అయిన 60 మీద స్థిరపడి ఉంటాయి. 50ని 60లో ఇమడ్చాలంటే అయిదు ఫ్రేములకొకసారి పాత ఫ్రేమునే మళ్లీ చూపాలి. అంటే సెకనుకు పదిసార్లు బొమ్మ తడబడుతుంది. ఉప్పల్ స్టేడియంలో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య 78 సెంటీమీటర్లు కదులుతుంది. ఇరవై మీటర్ల పిచ్ మీద అది చిన్న దూరం కాదు. అలాంటి బంతి ఒక్క క్షణం నిలబడి మళ్లీ దూకితే, తప్పేమిటో చెప్పలేకపోయినా కన్ను అలసిపోతుంది. 2024 మార్చి 27న సన్‌రైజర్స్ ఇక్కడ 277 పరుగులు చేసిన రాత్రిలాంటి ఆటలో బౌండరీ వెంట కెమెరా పరిగెత్తినప్పుడల్లా ఈ తడబాటు మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

సినిమాది వేరే ఇబ్బంది. 24ను 60లో పంచితే రెండున్నర వస్తుంది. సగం సారి చూపడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపుతారు. ప్రతి ఫ్రేమూ సమానంగా 42 మిల్లీసెకన్లు ఉండవలసింది పోయి ఒకటి 33, ఒకటి 50 అవుతుంది. తాళం తప్పిన మృదంగం పక్కన పాట ఎంత బాగున్నా చెవికి ఎలా ఉంటుందో, క్రేన్ షాట్లు కంటికి అలా ఉంటాయి. రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైన కాలంలో దీనికి మరో ఉపాయం ఉండేది. 50 లయ టీవీలో సినిమాను సెకనుకు 25 ఫ్రేములుగా తిప్పేవారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే ముగిసేది. పాటల శ్రుతి స్వరస్థానంలో ముప్పావు వంతుకు దగ్గరగా పైకి జరిగేది. ఆ తరంలో టీవీలో మాత్రమే పాటలు విన్నవాళ్ల చెవుల్లో ఘంటసాల కాస్త హెచ్చు శ్రుతిలోనే స్థిరపడి ఉంటారు!

మంచి పెట్టె ఈ గొడవ లేకుండా, సినిమా మొదలవగానే టీవీని 24కు, క్రికెట్ రాగానే 50కి మారుస్తుంది. ఆపిల్ టీవీలో ఈ సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఆండ్రాయిడ్ టీవీలో 12వ రూపం నుంచి వ్యవస్థలోనే చేరింది కానీ ఆప్ కూడా సహకరించాలి. చవక పెట్టెల్లో చాలావాటిలో ఈ మార్పు చేత్తో చేసుకోవలసిందే. నేనైతే మ్యాచ్ చూసే ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ పెట్టుకోమంటాను. పైసా ఖర్చు లేదు.

ఏ ధర పెట్టినా తీరని ఆలస్యం ఒకటుంది, అది ఉప్పల్‌లో ఉండేవారికి బాగా తెలుసు. స్టేడియానికి కిలోమీటరు దూరంలోని ఇంటికి జనం కేక మూడు సెకన్లలో చేరుతుంది. ఫోన్‌లోనో టీవీలోనో స్ట్రీమింగ్ మాత్రం అప్పటికి బౌలర్ ఇంకా రనప్ దగ్గర నిలబడి ఉన్నట్టు చూపిస్తుంది. ప్రత్యక్ష ప్రసారాన్ని ఆరేసి సెకన్ల ముక్కలుగా కోసి పంపడం ఒక ప్రామాణిక పద్ధతి. నెట్ ఒడిదుడుకులకు భయపడి ఆప్ రెండు మూడు ముక్కలు చేతిలో ఉంచుకుంటే గానీ ఆట మొదలుపెట్టదు. అక్కడే పన్నెండు నుంచి పద్దెనిమిది సెకన్లు పోతాయి. కుదింపు, రవాణా అదనం. ఈ ఆలస్యం సర్వర్లలోనూ ఆప్‌లోనూ ఉంది, పెట్టెలో కాదు. వికెట్ పడిందని వీధి ముందే చెప్పేస్తుంటే పదిహేను వేల పెట్టె యజమాని కూడా అందరిలాగే వేచి చూడాలి.

తాళంచెవి సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. చెల్లింపు సేవలు బొమ్మను తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ తాళం పేరు వైడ్‌వైన్. చిప్‌లోని సురక్షిత భాగంలో తాళంచెవి ఉంటే ఎల్1, కేవలం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఎల్3. ఎల్3 పరికరానికి నెట్‌ఫ్లిక్స్ లాంటి సేవలు 480 గీతల బొమ్మను మాత్రమే ఇస్తాయి. అట్టపెట్టె మీద ‘8కె’ అని ముద్రించిన పెట్టెలో కూడా పాత డీవీడీ స్థాయి బొమ్మ రావడానికి కారణం ఇదే. డీఆర్‌ఎం ఇన్ఫో అనే ఉచిత ఆప్ వేసి చూస్తే ఎల్1నో ఎల్3నో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. బిల్లు కట్టకముందే దుకాణదారుని అడిగి చూడడంలో మొహమాటం అక్కర్లేదు.

అంతకంటే గంభీరమైన విషయం, పేరూ ఊరూ లేని చవక పెట్టెల్లో ముందే కూర్చున్న దొంగ సాఫ్ట్‌వేర్. 2023లో టీ95 అనే పేరుతో అమ్ముడవుతున్న ఆండ్రాయిడ్ పెట్టెలో దాన్ని ఒక భద్రతా నిపుణుడు పట్టుకున్నాడు. తర్వాత ఆ కుటుంబానికి బ్యాడ్‌బాక్స్ అనే పేరు స్థిరపడింది. 2024 డిసెంబరులో జర్మనీ ప్రభుత్వ సంస్థ తమ దేశంలో 30,000 పరికరాలకు ఆ దొంగ సాఫ్ట్‌వేర్‌ను నడిపేవారితో సంబంధం తెంచింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. ఇలాంటి పెట్టె మన ఇంటి నెట్‌ను ముక్కూమొహం తెలియని వారి రాకపోకలకు దారిగా ఇస్తుంది. వాళ్ల నేరాలకు మన చిరునామా జవాబుదారీ అవుతుంది. అన్ని సినిమాలూ, అన్ని చానళ్లూ ఉచితం అని చెప్పే పెట్టెను ఎంత చవకైనా కొనకూడదని గట్టిగా చెబుతాను. పేరున్న కంపెనీల చవక స్టిక్కులు వేరు, వాటికి ఈ దోషం అంటగట్టకూడదు. వాటి బలహీనత ఆయుష్షు. 2015లో వచ్చిన ఆపిల్ టీవీకి 2024లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ టీవీఓఎస్ 18 అందింది. మూడు నాలుగు వేల స్టిక్కుకు అన్నేళ్ల సేవ ఆశించలేం. అయితే అయిదేళ్లకొకటి చొప్పున రెండు స్టిక్కులు కొన్నా ఖర్చు సగమే అవుతుందన్న వాదనలో బలముంది. ఏవీ1 లాంటి కొత్త సర్క్యూట్ కూడా రెండో స్టిక్కుతో పాటు ఇంట్లోకి వస్తుంది.

అందుకే ఈ ప్రాంతపు సగటు హాలుకు, 43 అంగుళాల టీవీకి, ఎల్1 ఉన్న పేరున్న చవక స్టిక్కే సరైన ఎంపిక అంటాను. 65 అంగుళాల తెర ముందు చీకటి గదిలో సినిమా చూసేవారు, ఫ్రేముల తడబాటు భరించలేనివారు పెద్ద ధర పెట్టవచ్చు.

స్టిక్కు కొన్నవారికి ఇంకో మాట. అది టీవీ వెనుక, గోడకూ తెరకూ మధ్య ఇరుక్కుంటుంది. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు అక్కడి గాలి టీవీ వేడితో మరింత మండుతుంది. చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పైగా టీవీ వెనుక లోహపు రేకు వైఫైని అడ్డుకుంటుంది. చాలా స్టిక్కులతో పాటు అట్టపెట్టెలో ఒక పొట్టి హెచ్‌డీఎంఐ తీగ వస్తుంది. దాన్ని పక్కన పడేయకుండా వాడితే స్టిక్కు టీవీ అంచు దాటి గాలిలోకి వస్తుంది, వేడీ తగ్గుతుంది, సిగ్నలూ పెరుగుతుంది.