గాలపు బెండు – నీటి తూకం

చెరువు గట్టున గాలం వేసినవారికి బెండు కొత్త వస్తువు కాదు. వెదురు గడ, దాని కొసన దారం, దారానికి గాలపు ముల్లు, ముల్లుకు గుచ్చిన ఎర్ర, దానికి మూరెడు పైన జీలుగ బెండు ముక్క – ఆంధ్రదేశపు కాలువ గట్లపై పెరిగిన బాలురకు తెలిసిన సామగ్రి ఇంతే. బెండు మునిగితే చేప ఎరను పట్టిందని అర్థం. అమెరికాలో ఈ బెండునే బాబర్ అంటారు. సగం ఎరుపు, సగం తెలుపు రంగులు గల ప్లాస్టిక్ బంతి రూపంలో అది గాలాలు అమ్మే ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో పదెకరాలు, అంతకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయి. వేసవి సెలవులలో ఆ ఒడ్డులకు వెళ్ళిన తెలుగు పిల్లలు కూడా ఈ బంతినే చూస్తూ కూర్చుంటారు. బంతి కాస్త వణుకుతుంది కాని మునగదు. లాగి చూస్తే ఎర మాయమై ఉంటుంది. దీనికి కారణం పిల్లల అశ్రద్ధ కాదు, బంతి తూకం.

నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందని ఆర్కిమిడీస్ సూత్రం. రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం గల బంతి ఘనపరిమాణం సుమారు 8 ఘన సెంటీమీటర్లు. అది పూర్తిగా మునగాలంటే 8 గ్రాముల నీటిని తొలగించాలి. బంతి బరువు 2 గ్రాములు, దాని కింద వేలాడే ముల్లు, ఎర, సీసపు గుండు కలిసి నీటిలో 1 గ్రాము తూగుతాయనుకుందాం. మిగిలిన 5 గ్రాముల బలాన్ని చేపే ప్రయోగించాలి. అరచేతి పొడవైన చేపకు అది అనుమానం కలిగించే బరువే. నోట పెట్టుకున్న ఆహారం ఎదురు లాగితే చేప దానిని ఉమ్మివేస్తుంది. అదే బంతి కింద మరో 4 గ్రాములకు పైగా భారం చేర్చి, నెత్తి మాత్రమే పైకి కనిపించేట్లు చేస్తే, అర గ్రాము లాగుడుకే బంతి మునుగుతుంది. భారం పెంచితే చేపకు తేలిక అవుతుందన్నది వినడానికి వింతగా ఉన్నా లెక్క మాత్రం సరైనదే.

బెండు ఆకారం కూడా ఇందులో పాల్గొంటుంది. తేలే వస్తువును ఒక సెంటీమీటరు కిందికి దించడానికి కావలసిన బలం, నీటి మట్టం వద్ద దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పై బంతి నడుము దగ్గర ఆ వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరుకు 5 గ్రాములు. అర సెంటీమీటరు మందం గల సన్నని పుల్ల బెండుకైతే 0.2 గ్రాములు చాలు. ఇరవై అయిదు రెట్ల తేడా! అందుకే అనుభవజ్ఞులు బాల్సా కర్రతో చేసిన కలం వంటి బెండ్లను కోరుకుంటారు. అయితే గాలి వీచి అలలు లేచిన రోజున సన్నని పుల్ల కంటికి ఆనదు. అప్పుడు కాస్త లావు బెండే మేలు.

ఇక లోతు సంగతి. వేసవిలో సరస్సు పైనీరు వేడెక్కి తేలికై, చల్లని బరువైన అడుగునీటిపై వేరు పొరగా నిలుస్తుంది. ఆ రెండు పొరలూ కలియవు. సారవంతమైన సరస్సులలో కుళ్ళే పదార్థం అడుగునీటిలోని ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది. కనుక చేపలు అడుగున ఉండలేక, పైన వేడిని భరించలేక నడుమ లోతులో తేలుతూ ఉంటాయి. ఆ లోతు 15 అడుగులనుకుంటే, దారానికి కదలకుండా బిగించిన బెండు పనికిరాదు. గాలపు కర్ర పొడవు ఆరేడు అడుగులే. బెండు కింద 15 అడుగుల దారం వేలాడుతుంటే విసరడం అసాధ్యం. చేపను లాగేటప్పుడు బెండు కర్ర కొసకు తగిలి ఆగిపోతుంది, చేప ఇంకా దూరంగానే ఉంటుంది.

ఈ చిక్కును జారుడు బెండు, అంటే స్లిప్ బాబర్, తీరుస్తుంది. దీని నడుమ నిలువునా రంధ్రం ఉంటుంది, దారం అందులో స్వేచ్ఛగా జారుతుంది. దారంపై కావలసిన లోతు వద్ద నూలుతో చిన్న ముడి వేసి, దాని కింద ఒక పూస, పూస కింద బెండు, ఆ తరువాత గుండు, చివర ముల్లు అమర్చుతారు. ముడి ఎంత చిన్నదంటే కర్ర ఉంగరాల గుండా సాగి రీలులోకి చుట్టుకుపోగలదు. పూస రంధ్రంలో మాత్రం దూరలేదు. విసిరేటప్పుడు బెండు జారి గుండు మీద కూర్చుంటుంది. నీట పడగానే గుండు దిగుతూ దారాన్ని బెండు గుండా లాగుకుంటుంది. ముడి పూసకు తగలగానే దారం ఆగి, పక్కకు ఒరిగి ఉన్న బెండు నిటారుగా లేస్తుంది. లేవకపోతే కారణాలు రెండు: గుండు చాలనంత తేలికై దారం జారలేదు, లేదా గుండు అడుగుకు తగిలి విశ్రమించింది. రెండవదైతే ముడిని కొద్దికొద్దిగా గుండు వైపు జరుపుతూ బెండు నిలబడేదాకా ప్రయత్నిస్తే సరస్సు లోతు కూడా తెలిసిపోతుంది.

వాలై అనే చేపకు ఇక్కడివారు ఇదే పద్ధతిలో జలగను ఎరగా వేస్తారు. ఊళ్ళో గేదెల కాళ్ళ నుంచి పీకి పారేసిన జలగను దుకాణంలో డబ్బిచ్చి కొనడం, సెలవులకు వచ్చిన తాతగారికి నమ్మశక్యం కాని విషయం! క్రాపీ చేప కన్నులు పైచూపు గలవి, కనుక ఎర దానికంటే కాస్త పైన ఉండాలి. అది ఎరను పట్టి పైకి లేచినప్పుడు గుండు భారం బెండుపై తగ్గిపోతుంది. అప్పుడు బెండు మునగదు సరికదా, పైకి లేచి పక్కకు వాలుతుంది. మునుగుడు కోసమే ఎదురుచూసేవారు ఈ సంజ్ఞను పోగొట్టుకుంటారు.

సంజ్ఞ ఆలస్యంగా అందితే చేప ముల్లును గొంతులోకి మింగుతుంది. చిన్న చేపను తిరిగి నీటిలో వదలాలన్నా అప్పుడది బ్రతకడం కష్టం. మింగిన ముల్లును పెరికివేయడం కంటే దారాన్ని నోటి దగ్గర కోసి వదలడం నయం. గుండు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మిన్నెసోటా రాష్ట్రపక్షి లూన్, కందనకాయలో ఆహారం నలగడానికి గులకరాళ్ళు మింగుతుంది. వాటితోపాటు తెగిపడిన సీసపు గుండు ఒక్కటి పోయినా, అక్కడ అరిగి రక్తంలో కలిసి ప్రాణం తీయగలదు. హంసల మరణాల కారణంగా బ్రిటన్ 1987లో చిన్న సీసపు గుళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. న్యూ హాంప్‌షైర్ సరస్సులలో 2000 నుంచి వాటి వాడకంపై నిషేధం అమలులోకి వచ్చింది. సీసానికి బదులు తగరం వాడవచ్చు. సీసపు సాంద్రత 11.3, తగరానిది 7.3. అందుచేత 6 గ్రాముల సీసం నీటిలో సుమారు 5.5 గ్రాములు తూగితే, అంతే తగరం 5.2 గ్రాములే తూగుతుంది. ఒక చిన్న గుండు అదనంగా చేర్చాలి.

ఈ తూకమంతా ఇంటి పెరట్లో, లోతైన బకెట్టు నీటిలో ముందే సరిచూసుకోవచ్చు. బెండుకు గుండ్లు ఒక్కొక్కటిగా తగిలిస్తూ, కొస పావు అంగుళం మాత్రం పైన మిగిలేదాకా పిల్లలే చేయగల పని ఇది. ఫ్లోరిడా తీరానికో గల్ఫ్ తీరానికో వెళ్ళేవారు మాత్రం బకెట్టులో ఉప్పు కలపడం మరువరాదు. సముద్రజలం మంచినీటి కంటే బరువైనది కనుక, ఇంట్లో సరిగా తూగిన బెండు అక్కడ కాస్త ఎత్తుగా తేలుతుంది.