చైనావారి నిప్పుకుండ, మన ఇంటి విందు



చుట్టాలొస్తున్నారంటే మన ఇళ్ళల్లో ఇల్లాలికి వంటింట్లోనే తెల్లవారుతుంది, వంటింట్లోనే పొద్దుగూకుతుంది. పది రకాలు వండుతుంది, పదిమందికి వడ్డిస్తుంది. అందరూ చేతులు కడుక్కొని ముందుగదిలో కబుర్లలో పడ్డాక తాను చల్లారిన అన్నం పెట్టుకొని, గిన్నె అడుగున మిగిలిన ఇగురు గీరుకొని తింటుంది. "నువ్వు కూడా కూర్చోరాదూ వదినా" అని అడిగేవారు ఉంటారు గాని, కూర్చుంటే వేడి వేడిగా తెచ్చి పెట్టేదెవరు చెప్పండి? ఈవేళ నేను చెప్పబోయే విందులో ఆ ప్రశ్న రాదు. పొయ్యే భోజనం నడుమకు వచ్చి కూర్చుంటుంది. దానితోపాటు ఇల్లాలూ వచ్చి కూర్చుంటుంది.

దీన్ని ఇంగ్లీషువారు హాట్ పాట్ అన్నారు. చైనా భాషలో హువో గువో. హువో అంటే నిప్పు, గువో అంటే వండే పాత్ర. మనం నిప్పుకుండ అనుకొందాం. సంగతి చాలా తేలిక. నడుమ ఒక పాత్రలో చారులాంటి పల్చని రసం మరుగుతూ ఉంటుంది. చుట్టూ పళ్ళేలలో పల్చగా తరిగిన మాంసం, కూరగాయలు, ఆకుకూరలు పచ్చివే పెట్టి ఉంటాయి. ఎవరికి కావలసింది వారు అందులో ముంచి, ఉడికించుకొని, తొక్కులో అద్దుకొని తింటారు.

మన పెద్దవాళ్ళ ఇళ్ళల్లో స్నానానికి నీళ్ళు కాచే రాగి బాయిలరు చూసే ఉంటారు. నడుమ గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళ సమోవారుదీ ఇదే పద్ధతి. బీజింగు వాళ్ళ పాతకాలపు రాగి కుండ అచ్చం ఆ బాయిలరుకు చిట్టి చెల్లెలు. అక్కడ చలికాలంలో గొర్రె మాంసాన్ని కాగితమంత పల్చగా కోసి, మరిగే నీళ్ళల్లో అలా ఊపి తీసి, నువ్వుల ముద్దలో అద్దుకొని తింటారు. బీజింగులో 1903లో ఒక ముస్లిం వ్యాపారి చిన్న బండితో మొదలుపెట్టిన డోంగ్ లై షున్ అనే హోటలు దీనికే పేరుపడింది. దక్షిణానికి పోతే చోంగ్‌చింగ్ అని యాంగ్సీ నది ఒడ్డున ఊరుంది. అక్కడి పడవవాళ్ళు, హమాలీలు చవకగా దొరికే పేగులూ కార్జాలూ ఎర్రటి కారం రసంలో ఉడికించుకొని తినేవారట. ఇవాళ అదే పెద్ద హోటళ్ళకెక్కింది. జపానువాళ్ళ షాబు షాబు దీని చుట్టమే. ఒసాకాలోని ఒక హోటలు 1952లో పెట్టిన పేరది, మాంసం ముక్కను నీళ్ళల్లో ఆడించే చప్పుడు అన్నమాట. మన దేశంలోనూ లేకపోలేదు. కలకత్తాలో ఔ చ్యూ అనే చైనావారి హోటల్లో చిమ్నీ సూప్ అని నడుమ గొట్టమున్న కుండలోనే ఇచ్చే వంటకం ప్రసిద్ధం.

ఇక మన సంగతికొద్దాం. రాసుకొనేవారు కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందు పొయ్యి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కరెంటుతో పనిచేసే ఇండక్షన్ పొయ్యి ఉంది. దీనికి అంతకంటె అనువైనది లేదు. మంట లేదు, పొగ లేదు, బల్లమీదా పెట్టవచ్చు, చాపమీద కూర్చొని తినేవారు పొట్టి చౌకీమీదా పెట్టవచ్చు. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి గంజులు దీనిమీద కాగవు. రెండు వేల వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి ఫ్యానుకు వాడే చిన్న ప్లగ్గులో పెట్టకండి. ఫ్రిజ్‌కు, గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు కావాలి. తీగ నడిచే దారిలో వేలాడకుండా గోడవైపు తిప్పి ఉంచండి. పిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె తీగ కాలికి తగలడమంటే మాటలు కాదు.

కొందరికి బొగ్గుల కుంపటి మీద ముచ్చట ఉంటుంది. పాత రాగి కుండ సంపాదించి బొగ్గులు వేసి పెడితే చూడ ముచ్చటగా ఉంటుంది, నిజమే. అయితే దాన్ని డాబా మీదనో, వాకిట్లోనో, గాలి ధారాళంగా ఆడే చోటనో పెట్టండి. డిసెంబరు చలికి తలుపులూ కిటికీలూ మూసిన గదిలో మాత్రం వద్దు. బొగ్గులు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, ఆ తరువాత మగత. పడుకొన్నవారు మరి లేవరు. చలికాలంలో మూసిన గదుల్లో కుంపట్లు పెట్టుకొని ప్రాణాలు పోగొట్టుకొన్నవారి వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం కదా!

రెండోది నీళ్ళు. ఇది మన నల్లగొండ ఆడవాళ్ళకు వేరేగా చెప్పవలసిన మాట. నీళ్ళు కాచితే అన్ని దోషాలూ పోతాయని మనలో ఒక నమ్మకం ఉంది. క్రిములు చస్తాయి, సరే. ఫ్లోరైడు మాత్రం చావదు, ఆవిరై పోదు. నీళ్ళు ఆవిరై పోతుంటే అది గిన్నెలోనే ఉండి చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న నీళ్ళు నాలుగు లీటర్లు పోసి, అవి మరిగి మరిగి రెండు లీటర్లయితే లీటరుకు రెండు మిల్లీగ్రాములైందన్నమాట. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నిప్పుకుండ రెండు గంటలు మరుగుతుంది. తగ్గినకొద్దీ మళ్ళీ నీళ్ళు పోస్తాం. చివరకు ఆ రసమే తాగుతాం. కాబట్టి బోరునీళ్ళు ఈ వంటకు పనికిరావు. మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు గాని, ఫిల్టరు నీళ్ళు గాని ఎక్కువే పట్టి ఉంచుకోండి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును అడుక్కు దింపే పద్ధతికి నాగపూరు నీరి సంస్థవారు మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆ పేరు రావడానికి మన పల్లెల్లో ఎందరి ఎముకలు వంగిపోయాయో మనకు తెలియనిది కాదు. విందు పూట ఆ నీళ్ళు మన పిల్లల గిన్నెలోకి రావద్దు.

ఇక రసం. ఆరుగురికి మూడు లీటర్లు కావాలి. అరకిలో మటన్ బొక్కలు కడిగి, ఒకసారి పొంగించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళల్లో అల్లం ముక్క, రెండు ఉల్లిగడ్డలు, పది మిరియాల గింజలు, చిన్న దాల్చిన చెక్క వేసి సన్నని సెగమీద గంటన్నర కాచండి. కుక్కరులోనైతే ముప్పావుగంట. మసాలా దట్టించకండి. ఇది మన పాయ షోర్వా కాదు, పల్చగా, తేటగా ఉండాలి. ఉప్పు కూడా తక్కువే, అద్దుకొనే తొక్కులో ఎలాగూ ఉంటుంది. శాకాహారులకు మొక్కజొన్న బెండ్లు, క్యారట్, ముల్లంగి, పుట్టగొడుగులు, అల్లం వేసి ముప్పావుగంట కాస్తే అంతకంటె కమ్మని రసం వస్తుంది. నన్నడిగితే రెండింటిలో నాకు ఇదే ఇష్టం.

మాంసం కోయడంలోనే ఉంది కిటుకంతా. కొట్టువాడిని బొక్కలేని తొడ మాంసం ఒకే ముద్దగా ఇమ్మనండి. ఆరుగురికి ముప్పావుకిలో చాలు. మేక కంటె లేత గొర్రెపిల్ల మాంసం మేలు. ఆ ముద్దను ఫ్రిజ్‌లో మంచుగడ్డల అరలో గంటన్నర ఉంచితే బిగుసుకొంటుంది. రాయిలా కాకముందే తీసి, పదును కత్తితో నారకు అడ్డంగా, ఎంత పల్చగా వీలైతే అంత పల్చగా కోయండి. చికెన్ పెట్టేవారు రొమ్ము ముక్క అలాగే కోయవచ్చు. చేపల్లో మన కొర్రమట్టకు సాటి లేదు. సన్న ముళ్ళు తక్కువ, ముక్క విరిగిపోదు. రవ్వ చేప రుచే గాని, మరిగే గిన్నె ముందు ముళ్ళు ఏరుకొంటూ కూర్చోలేం.

కూరగాయలకు కొదవ లేదు. క్యాబేజీ, పాలకూర, బచ్చలి, ముల్లంగి, బూడిదగుమ్మడి, ఆలుగడ్డ, గెనుసుగడ్డ, పుట్టగొడుగులు, మొక్కజొన్న కంకి బిళ్ళలు. బచ్చలీ బూడిదగుమ్మడీ చైనావాళ్ళు కూడా ఇందులో వేసుకొనేవే సుమండీ! మన గంగవాయిలి కూర వేసి చూడండి, ఆ పులుపు రసానికి భలే అందం. సోయా పనీరు గాని, మామూలు పనీరు గాని ముక్కలు పెట్టండి. బీన్సు, చిక్కుడు మాత్రం పచ్చివి పెట్టకండి. అర ఉడుకు బీన్సు కడుపును కల్లోలం చేస్తుంది. పెట్టాలనుకొంటే ముందే పది నిమిషాలు బాగా ఉడికించి పెట్టండి.

అద్దుకొనే తొక్కు దగ్గర మనకు చైనావాళ్ళు నేర్పేదేమీ లేదు. నువ్వులు వేయించి నూరడం తెలంగాణ ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. వంద గ్రాముల నువ్వులు దోరగా వేయించి, మెత్తగా నూరి, నీళ్ళతో జారుగా కలిపి, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు దంచి వేసి, చెంచాడు సోయాసాసు, నిమ్మరసం, కొత్తిమీర కలపండి. పల్లీలతోనూ ఇలాగే. పక్కన ఎండుమిరపకాయలు నూనెలో కాచిన కారం చిన్న గిన్నెలో. చోంగ్‌చింగు వాళ్ళు నాలుక తిమ్మిరెక్కే ఒక రకం గింజ వేస్తారు. మన కొంకణతీరంలో చేపల పులుసులో వేసే తిరఫలం దానికి దగ్గరి చుట్టం. దొరికితే చిటికెడు వేయండి, లేకపోతే వెలితి లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీలో చాలామంది ఇప్పటికే మనసులో అనుకొని ఉంటారు, "అందరూ ఒక గిన్నెలో చేతులు పెట్టడమా? ఎంగిలి కాదూ!" అని. ఈ మాట అన్న అత్తగారిని పాతకాలపు మనిషి అని తీసిపారేయకండి. చైనావాళ్ళే ఈ మాట ఇప్పుడు చెప్పుకొంటున్నారు. 2003లో సార్స్ జబ్బు వచ్చినప్పుడూ, మళ్ళీ 2020లో కరోనా వచ్చినప్పుడూ, నోట్లో పెట్టుకొన్న పుల్లలు ఉమ్మడి గిన్నెలో ముంచవద్దని, వడ్డనకు వేరే పుల్లలు పెట్టుకొమ్మని అక్కడ ఊరూరా ప్రచారం చేశారు. మన ఎంగిలి పట్టింపు ఇక్కడ మనకు అక్కరకు వచ్చే గుణమే. ఏం చేయాలంటే, మనిషికో చాయ్ జాలి ఇవ్వండి, పొడుగు పిడి ఉన్న తీగ జాలి. ముక్కలు అందులో వేసుకొని రసంలో ముంచి, ఉడికాక తన పళ్ళెంలో బోర్లించుకొంటారు. జాలి నోటికి తగలదు, తినే చెంచా కుండకు తగలదు. ఎవరి ముక్క ఏదన్న తగువూ ఉండదు, పిల్లలకైతే ఆటే ఆట.

పచ్చి మాంసం పళ్ళెంలో వేరే చిమ్టా ఉంచండి. ఆ చిమ్టా ఉడికిన ముక్కను ముట్టరాదు. ఇది ఎంగిలి కంటె పెద్ద పట్టింపు. పచ్చి కోడిమాంసంలోని క్రిములు ఒక పూటలో ఇంటిల్లిపాదినీ మంచాన పడవేయగలవు. శాకాహారులు వస్తుంటే రెండో పొయ్యి, రెండో గిన్నె, వేరే చౌకీ పెట్టండి. ఒకే గిన్నెలో నడుమ రేకు అడ్డం పెట్టిన పాత్రలు అమ్ముతున్నారు గాని, పొంగితే అటుది ఇటు కలుస్తుంది. వచ్చినవారి నియమంతో ఆటలాడకూడదు.

విందు నడిచే తీరు చెబుతాను. గిన్నెకు ఆరుగురిని మించి కూర్చోపెట్టకండి. రసం వంటింట్లోనే మరిగించి తెచ్చి పెడితే కాచుకొని కూర్చొనే పని ఉండదు. మొదట ముల్లంగి, ఆలుగడ్డ, మొక్కజొన్న గిన్నెలో వేసేయండి, అవి నిదానంగా ఉడుకుతాయి. తరువాత మాంసం. చేత్తో కోసిన మటన్ ముక్కకు రెండు నిమిషాలు, చికెన్‌కు మూడు నాలుగు నిమిషాలు, లోపల గులాబి రంగు పూర్తిగా పోవాలి. చేప తెల్లబడి పొరలు విడేదాకా. ఆకుకూరకు అర నిమిషం. అందరూ ఒకేసారి జాలీలు నింపి ముంచితే రసం చల్లబడుతుంది, మళ్ళీ తెర్లిన తరువాతే లెక్క మొదలు. తీసిన ముక్క నేరుగా నోట్లో వేసుకోకుండా తొక్కులో ఒక నిమిషం ఆరనివ్వండి. మరీ పొగలు కక్కేది మింగడం గొంతుకు మంచిది కాదని డాక్టర్లు చెబుతారు.

మగవాళ్ళు మొదట పది నిమిషాలు బిగుసుకొని కూర్చుంటారు, ఎవరో వచ్చి వడ్డిస్తారన్నట్టు. మీరు లేవకండి. ఒక్కసారి లేచారా, ఇక రాత్రంతా లేస్తూనే ఉంటారు. నీళ్ళ చెంబు, అదనపు రసం ఫ్లాస్కు, చేతిగుడ్డలు, ముళ్ళకూ బొక్కలకూ ఖాళీ గిన్నె, అన్నీ ముందే చేతికందేట్టు పెట్టుకొంటే లేచే పని పడదు. ఒక ముక్క ఉడికేలోపల ఒక మాట, తినేలోపల ఇంకో మాట. చూస్తూ చూస్తూ రెండు గంటలు గడుస్తాయి. మా పెద్దాయన ఒకరు, భోజనాల దగ్గర పెదవి విప్పని మనిషి, తన జాలిలో పుట్టగొడుగు ఉడికించి పక్కనున్న ఇల్లాలి పళ్ళెంలో వేయడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ సిగ్గుతో తల ఎత్తలేదు.

చివరకు సేమియాగాని నూడుల్సుగాని పిడికెడు వేసి ఉడికించి, ఆ రసంతో పాటు గిన్నెల్లో పోసుకొని తాగండి. జొన్నరొట్టె తుంచి వేసుకొన్నా కమ్మగా ఉంటుంది. రక్తపోటు ఉన్నవారికి ఈ ఆఖరి రసం నాలుగు గుటకలు చాలు.

మిగిలిన పచ్చి మాంసాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో దాచకండి. రెండు గంటలు బయట ఉన్నది గనుక నిలువ చేయరాదు. ఎంత తింటారో చూసుకొంటూ కొద్దికొద్దిగా ఫ్రిజ్‌లోంచి తెచ్చి పెట్టుకొంటే మిగిలే బాధే లేదు, ఆ పని ఇంట్లో పెద్దపిల్లవాడికి అప్పగించండి. కూరగాయ ముక్కలు మర్నాడు సాంబారులోకి వస్తాయి. నువ్వుల తొక్కు మిగిలితే పొద్దున ఇడ్లీలోకి సరిపోతుంది.